యశస్తిలకమున పంజరపక్షుల ప్రయాణము

సిరిసిల్లకు నుత్తరమున వేములవాడయు, దాని కావల కోరుట్ల, జగిత్యాలలును గలవు. క్రీ. శ. దశమశతాబ్దమున వేములవాడ రాజధానిగా రాష్ట్రకూటసామంతులగు చాళుక్యులు పాలించిరి. రెండవ అరికేసరి యాస్థానమున పంపకవి విక్రమార్జునవిజయమును రచించెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్టపై వ్రాయించిన శాసనమున తెలుగు కందములు గలవు. అరికేసరి కుమారుడగు వద్యగుని కాలమున, శ. సం. 881 (క్రీ. శ. 959) చైత్రమున, సోమదేవసూరి గంగధారయందు యశస్తిలకచంపువును ముగించెను. కురిక్యాల చెంతనున్న గంగాధరయే యా గంగధార యని పరిశోధకుల మతము.

ఈ వంశమున యుద్ధమల్లుడు బోధనమున తైలపూర్ణమగు వాపియందు గజములకు స్నానము చేయించెనని ప్రశస్తులు చెప్పుచున్నవి. ఏనుగులు రాజవైభవమునకు గుఱుతులు గావున ప్రశస్తి కెక్కినవి. చేతిపై నిలుచు పిట్టకు, పంజరమున కూర్చుండు కోడికి శాసనమున చోటు లేదు. వాని గతి నెఱుగుటకు కావ్యమే శరణ్యము.

ఉజ్జయినీపతి యగు యశోధరుడు జీవబలి కొల్లక, తల్లి చంద్రమతి మాట త్రోయలేక, పిండికోడిని బలి యిచ్చెను. ఆ సంకల్పదోషమున తల్లికొడుకులు పలుమాఱులు తిర్యగ్జన్మము లెత్తిరి. మొదట కొడుకు నెమలియు, తల్లి కుక్కయు నై పుట్టగా, రెండును కానుకలుగా యశోమతి నగరికే చేరినవి. యశోమతి యశోధరుని పుత్రుడే. తండ్రి నాతడు గుర్తింపలేదు. తుదకు వారు కోడిజంటయై చండకర్ముని చేత జిక్కిరి. రాజు వానిని చూచి ముచ్చటపడి, తాను విహారమునకు వెడలు నుద్యానమునకు తెమ్మనెను. చండకర్ముడు పంజరముతో నచ్చటికి బోయి సుదత్తమునిని గాంచెను. ముని పలుకులు విని, పూర్వజన్మస్మృతి గలిగి, పక్షులు హర్షమున కూసినవి. ఆ కూత విని రాజు, రాణి యెదుట తన విలువిద్య చూపగోరి బాణము విడిచెను. రెండును కూలినవి. ఆ రాణి గర్భముననే యవి అభయరుచి, అభయమతి యను కవలలై పుట్టినవి.

ఇది ఉజ్జయినీకథ గావున వేములవాడ యాచారములకు సూటియగు ప్రమాణము గాదు. అయినను, నగరికి జంతువులు కానుకలుగా వచ్చుట, క్రొత్తగా చేరిన పక్షులను పంజరమున విహారస్థలములకు గొనిపోవుట మున్నగునవి వివరణాపేక్ష లేక కథలో నిమిడినవి. వినువారి కవి పరిచితములే యని దీనివలన నూహింపవచ్చును. పక్షులను చంపినది ద్వేషము గాదు, వినోదము. తెమ్మన్న రాజే వానిని కూల్చినాడు. పెంచువాని యజ్ఞానమునే కవి దోషముగా చూపెను.

1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము నెమలిని పెంపకమునకు దూరము చేసినది. 2022 సవరణమును, 2024 నియమావళియు, అంతర్జాతీయ ఒడంబడికలో చేరిన విదేశీయజంతువులను పెంచువారు వానిని నమోదు చేయింపవలెననియు, అవి చేతులు మాఱినచో తెలుపవలెననియు విధించినవి. పంజరములోని ప్రాణి యెవరిదో, యెచటినుండి వచ్చెనో యెఱుగుమని నేటి శాసనము కోరుచున్నది. అది యెవరో యెఱుగుమని వేయేండ్ల క్రిందట గంగధారకవి కోరెను.