ఒకే గ్రాఫులో వాన, నీటిమట్టం

రెండు లెక్కలను ఒకే పటంలో గీతలుగా చూపే పద్ధతికి 1786లో గట్టి పునాది పడింది. విలియం ప్లేఫెయిర్ ఆ ఏడాది వెలువరించిన అట్లాసులో, డెన్మార్క్-నార్వేలతో ఇంగ్లండు జరిపిన ఎగుమతులు, దిగుమతులు పక్కపక్కనే సాగుతాయి. వాటి నడుమ ఖాళీయే వాణిజ్య మిగులునో లోటునో చెబుతుంది. 1821లో ఆయనే గోధుమ ధరను నిలువు కడ్డీలుగా, పనివాడి వారపు వేతనాన్ని గీతగా ఒకే పటంలో పెట్టాడు. గోధుమ కొనడానికి పనివాడు ఎన్నాళ్లు కష్టపడాలన్న ప్రశ్న, ఆ రెండూ ఒకచోట చేరినందువల్లే కళ్లకు కట్టింది.

తెలుగు నేలలో ఇలాంటి జంట వానా, భూగర్భ జలమూ. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మొదలైన, భూగర్భ జలాన్ని రైతులే నిర్వహించుకునే ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ పథకంలో, ఏడు కరవు జిల్లాల రైతులు వానను, బావుల్లో నీటిమట్టాన్ని తామే కొలిచి ఊళ్లో బోర్డుల మీద రాసేవారు. కొలిచిన రైతే ఆ అంకెల్ని చూసి పంట నిర్ణయించుకోవడం ఆ ప్రయత్నంలోని గొప్పతనం.

అదే జంట వెబ్ తెర మీదికి రావడానికి పనిముట్లు మెల్లగా సమకూరాయి. జావాస్క్రిప్ట్ 1995లోనే పుట్టినా, చాలాకాలం గ్రాఫును సర్వరు బొమ్మగా తయారుచేసి పంపేది. తర్వాత ఫ్లాష్ అనే ప్లగిన్‌తో బ్రౌజరులోనే గీసే దారి వచ్చింది. కోల్‌కతాలో 2002లో మొదలైన ఫ్యూజన్‌చార్ట్స్ ఆ దారిలోనే పేరు తెచ్చుకుంది. 2001లో ఎస్‌వీజీ ప్రమాణం, 2004లో ఆపిల్ తెచ్చిన కాన్వాస్ బ్రౌజరుకే గీసే శక్తినిచ్చాయి. 2009లో నార్వేలోని విక్ అనే చిన్న ఊరి నుంచి హైచార్ట్స్ అనే గ్రాఫులు గీసే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడు) వచ్చింది. కొండ మీది మంచు లోతును తన సొంత వెబ్‌సైటులో చూపాలన్న టోర్‌స్టైన్ హోన్సీ కోరికే దానికి మూలం. 2011లో డీ3, 2013లో చార్ట్.జేఎస్ వచ్చాయి.

లెక్కల వరుసలను ఒక్కొక్క లైబ్రరీ ఒక్కోలా అందుకుంటుంది. హైచార్ట్స్‌లో ప్రతి వరుసకూ పేరు, అంకెల జాబితా ఇస్తే చాలు. రంగులు, గుర్తుల పట్టీ, కొలబద్ద అదే సర్దుకుంటుంది. డీ3 అలా కాదు. అన్ని వరుసల్లోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను వెదికి కొలబద్దను రాసేవారే నిర్ణయించాలి. శ్రమ ఎక్కువే, కానీ స్వేచ్ఛ కూడా ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో మామిడి తోటల ప్రాంతమైన రెడ్డిగూడెం మండలానికి ఇలాంటి గ్రాఫు గీస్తే అసలు చిక్కులు బయటపడతాయి. వాన మిల్లీమీటర్లలో, నీటిమట్టం నేల నుంచి లోతుగా మీటర్లలో ఉంటాయి. అందుకే ఎడమన ఒక అక్షం, కుడిన మరొకటి కావాలి. లోతు అక్షాన్ని తలకిందులు చేయకపోతే నీరు అడుగంటినప్పుడు గీత పైకి ఎగబాకి, చూసే రైతును తప్పుదారి పట్టిస్తుంది. రెండు అక్షాల కొలబద్దలను ఇష్టం వచ్చినట్టు సాగదీసి, లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపడమూ తేలికే. ఈ పద్ధతికి అతి పెద్ద లోపం ఇదే. కొలవని నెలను సున్నాగా రాస్తే, నీరు నేల మట్టానికి వచ్చినట్టు గీత ఎగిరిపడుతుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే గీత అక్కడ తెగుతుంది, అదే నిజాయతీ. వాన రోజువారీ లెక్క, నీటిమట్టం నెలవారీ లెక్క అయినప్పుడు వానను నెలకు కూడి కడ్డీగా నిలపాలి.

ఆంధ్రప్రదేశ్ జలవనరుల సమాచార, నిర్వహణ వ్యవస్థ ఏపీడబ్ల్యూఆర్‌ఐఎంఎస్ వర్షపాతాన్ని, భూగర్భ జలమట్టాన్ని వెబ్‌లో ప్రాంతాలవారీగా అందుబాటులో ఉంచింది. అయితే 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో రెడ్డిగూడెం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారింది. కాబట్టి జిల్లా సగటులను పాత ఏళ్లతో కలిపి ఒకే గీతగా గీయడం కుదరదు. మండలాన్నే ఆధారంగా తీసుకుంటే వరుస తెగకుండా కొనసాగుతుంది.