తూటా కొలతలు

హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ దాకా మా ఇద్దరిదీ ఒకటే దారి. నేను పెనుకొండలో దిగిపోతాను, ఆమె ధర్మవరం పోతుంది. నేను చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిని. ఆమె హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు వచ్చిపోతూ ధర్మవరంలో పట్టుదారం వ్యాపారం చేస్తుంది. భర్త పోయాక ఆ వ్యాపారాన్ని ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. పేరు రాయను.

2023లో ఒక సాయంత్రం ఆమె ఫోన్‌లో రెండు రివాల్వర్ల బొమ్మలు చూపించింది. "అక్కా, ఇది పాయింట్ టూ టూ. ఇది పాయింట్ త్రీ టూ. ఏది తీసుకుంటే మేలంటావు?" అంది. చీర రంగు అడిగినంత మామూలుగా అడిగింది. నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఆ అంకెలు తూటా లావును చెబుతాయి. .32 అంటే అంగుళంలో నూరింట 32 వంతులు, కాస్త అటూ ఇటూగా. దాని సీసం ఆరు గ్రాములకు పైనే తూగుతుంది. .22 సీసం రెండున్నర గ్రాములు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు ఈ రెండు కొలతల్లోనూ రివాల్వర్లు చేసి ఆడవాళ్ళ ముందుకు తెచ్చాయి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, 2014 జనవరిలో, కాన్పూరులో తయారైన 'నిర్భీక్' వచ్చింది. .32 కొలత, అర కిలో బరువు, 1,22,360 రూపాయల ధర. నగలపెట్టె లాంటి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు. చనిపోయిన అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరునే కాస్త మార్చి ఆయుధానికి తగిలించారు. మణిపూర్‌లో తుపాకులకు భర్తల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళతో పనిచేసే బీనాలక్ష్మి నేప్రమ్ అప్పుడే దాన్ని విమర్శించారు. ఆ తర్వాత ఇషాపూర్ కర్మాగారం నుంచి 'నిడర్' వచ్చింది. అది .22. పావు కిలో బరువు, దాదాపు 35 వేల రూపాయలు.

నా స్నేహితురాలు వ్యాపారస్తురాలు. లెక్కలన్నీ వేసుకునే ఉంది. చిన్నది చేతి సంచిలో పడుతుంది, చవక, పేలినప్పుడు చెయ్యి అదరదు. "కానీ తూటాలు దొరకాల గదక్కా? .32వి ఎప్పుడూ ఉంటాయంట, .22వి ఒకోసారి ఉండవంట. అంగడాయనే చెప్పినాడు" అంది. మగ్గం కొనేటప్పుడు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో చూసుకునే ఊరి మనిషి మరి.

.32 అంత సులువుగా దొరకడానికి కారణం ఆ అంగడిలో లేదు. ఇంటికెళ్ళి నా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరల భయం తుపాకుల మీద పడింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయులకు లైసెన్సు కావాలి, యూరోపియన్లకు అక్కర్లేదు. 20వ శతాబ్దం మొదటి దశకంలో .450 తుపాకుల్ని ప్రైవేటు మనుషులకు నిషేధించారు. సైన్యం వాడిన మార్టిని-హెన్రీ తుపాకులకు పనికొచ్చే తూటాలు తిరుగుబాటుదార్లకు చేరతాయని అనుమానం. పులుల వేటకొచ్చే దొరలకు మాత్రం ఇబ్బంది రాలేదు. వాళ్ళ కోసం ఇంగ్లండ్ తయారీదార్లు .470 లాంటి కొత్త కొలతల్ని పుట్టించారు.

దొరలు పోయారు, ఆ భయం మిగిలింది. 1959 నాటి మన చట్టం కింద వచ్చిన నియమాల్లోనూ అదే సూత్రం. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే చేతి తుపాకీ, అంటే 9 ఎం.ఎం., .380, .455 లాంటివి, మామూలు పౌరులకు నిషిద్ధం. ప్రపంచంలో ఎక్కడ చూసినా దొరికే 9 ఎం.ఎం. మనకు కేంద్ర హోంశాఖ తలచుకుంటే తప్ప రాదు. .32 రివాల్వర్ తూటా 1896లో అమెరికాలో పుట్టింది. ఆ రోజుల్లో న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తన పోలీసులకు .32 కోల్ట్ రివాల్వర్లే ఇప్పించాడు. అక్కడ ఇప్పుడది పాతబడి మూలనపడ్డ కొలత. ఇక్కడ మాత్రం రాజ్యం తన కోసం అట్టిపెట్టుకోగా మిగిలినది కాబట్టి, అదే మామూలు కొలత అయింది. 'ఏది మేలు' అని ఆమె నన్ను అడిగే నాటికే, ఏది దొరకాలో నిర్ణయమైపోయి నూరేళ్ళు దాటింది.

మా ప్రాంతంలో ఆయుధం కొత్తదేమీ కాదు. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పారిపోయి వచ్చింది ఈ పెనుకొండ కోటకే. ఇక మా తరం చూసినవి వేటకొడవళ్ళు, నాటుబాంబులు, తపంచాలు. 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని అనంతపురంలో పార్టీ ఆఫీసులోనే కాల్చి చంపారు. ప్రాణభయం ఉందని తెలిసిన మనిషి, చుట్టూ మనుషులున్న మనిషి. ఆ తర్వాత ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత నిలబడి గెలిచారు. పేరు తెలియని అనుచరుల భార్యలకు, అటువైపైనా ఇటువైపైనా, అలాంటి దారి కూడా లేదు. కోర్టు వాయిదాలు, పిల్లల ఫీజులు, ఖాళీ ఇళ్ళు. ఫ్యాక్షన్ సినిమాలు తీసినవాళ్ళకు వాళ్ళ కథ పనికిరాలేదు.

తర్వాతిసారి రైల్లో నేను ఈ చరిత్రంతా చెప్పబోయాను. ఆమె కాసేపు విని, "ఇంతకీ నాకు ఎందుకు కావాలో నువ్వు అడగలేదే" అంది. సిగ్గుపడ్డాను.

ఆమె భయం రైల్లో దొంగల గురించి కాదు. ఇంట్లో పన్నెండు బోరు తుపాకీ ఉంది. మామగారిది. ఆయన పోయాక లైసెన్సు పెద్దకొడుకు, అంటే ఆమె బావగారి పేరుకు మారింది. మారాలంటే మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అప్పటికే విధవ అయిన ఈమె దగ్గరా సంతకం తీసుకున్నారు. ఇల్లు, అంగడి వాటా అడిగిన రోజు నుంచి బావగారు ఆ తుపాకీని వసారాలో కూర్చుని తుడుస్తున్నాడు. ఏమీ అనడు. తుడుస్తాడంతే.

ఆమె లైసెన్సు కోసం అర్జీ పెట్టుకుంది. విచారణకు వచ్చిన మనిషి వేసిన మొదటి ప్రశ్న, "ఇంట్లో మగదిక్కు ఎవరూ లేరామ్మా?" ఉన్నాడు, ఆయన వల్లే కదా ఈ అర్జీ అని చెప్పలేక, వ్యాపారం మీద తిరుగుతాను సార్ అని చెప్పింది. అర్జీ ఏడాది నలిగింది.

2024లో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకుల్ని స్టేషన్‌లో అప్పగించాలి. బావగారూ అప్పగించాడు. ఆ వారాల్లో ఆమె నాకు ఫోన్ చేసి, "అక్కా, రాత్రిళ్ళు నిద్ర పడతా ఉంది" అంది. ఫలితాలొచ్చాక తుపాకీ ఇంటికొచ్చింది. వసారాలో మళ్ళీ నూనెగుడ్డ.

అప్పుడు ఆమెకు తట్టింది. నాకు తట్టలేదు, ఒప్పుకోవాలి. ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రజల భద్రత కోసం అవసరమనుకుంటే అధికారులు లైసెన్సును నిలిపివేయొచ్చు, రద్దు చేయొచ్చు. తన అర్జీని వాపసు తీసుకుని, రెండో అర్జీ రాసింది. ఆ తుపాకీ మీద తనకు అభ్యంతరం ఉందనీ, అప్పుడు పెట్టిన సంతకం ఏమిటో తనకు చదివి వినిపించలేదనీ రాసింది. రాత ఆమెది, నేను అక్షరదోషాలు మాత్రం దిద్దాను.

ఇద్దరం కలిసి వెళ్ళి ఇచ్చొచ్చాం. గుమాస్తా రెండుసార్లు చదివి, "తుపాకీ కావాలని వస్తారు గానీ, తీసేయమని వచ్చిన ఆడమనిషిని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. రసీదు ఇవ్వలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. రసీదు చేతికొచ్చేదాకా లేవలేదు.