రసశాలకు వాస్తు, మూసకు ఊక

"మన పూర్వీకులు ప్రయోగశాలలను కూడా వాస్తు ప్రకారమే కట్టుకున్నారు. కావాలంటే రసరత్న సముచ్చయం చూడండి" అనే మాట వాస్తు పండితుల నోట నేను చాలాసార్లు విన్నాను. ఇంటి పక్కన కారు షెడ్డులో ఒక బల్ల, ఒక పట్టుడు గిర్ర, చిన్న కొలిమి పెట్టుకుందామనుకునేవాడికి కూడా ఈ సలహా వచ్చి పడుతుంది. నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలట. సరే, చూడమన్నారు కాబట్టి చూద్దాం. చూడమన్నవాళ్లు చూశారా అన్నది నా అనుమానం.

రసరత్న సముచ్చయం సుమారు 13, 14 శతాబ్దాల నాటి సంస్కృత గ్రంథం. వాగ్భటుడి పేరు మీద ఉంది. అష్టాంగ హృదయం రాసిన వాగ్భటుడు ఈయన కాదు, ఆయనకు కొన్ని వందల ఏళ్ల తరువాతివాడు. మన దేశంలో ఒక పేరు ప్రసిద్ధమైతే దాని కింద పది మంది చేరతారు. నాగార్జునుడి విషయంలోనూ జరిగింది ఇదే. శూన్యవాదం చెప్పిన నాగార్జునుడు, పాదరసం కాచిన నాగార్జునుడు ఒక్కరేనని ఇప్పటికీ పాఠాలు చెప్పేవారున్నారు.

ఈ గ్రంథంలో రసశాల నిర్మాణం గురించి ఒక అధ్యాయం ఉన్నమాట నిజమే. మూలికలు దొరికే చోట, బావి ఉన్నచోట శాల కట్టాలి. తూర్పున రసభైరవుణ్ణి నిలపాలి. ఆగ్నేయంలో నిప్పు పని, దక్షిణాన రాతి పని, నైరుతిలో శస్త్రాల పని, పడమర కడగడం, వాయవ్యంలో ఆరబెట్టడం, ఉత్తరాన లోహాన్ని మార్చే వేధకర్మ, ఈశాన్యంలో తయారైన సరుకు. వినడానికి గొప్పగానే ఉంది. కానీ దిక్పాలకుల పట్టిక పక్కన పెట్టుకుని చదవండి. ఆగ్నేయానికి అధిపతి అగ్ని, అందుకని నిప్పు. పడమరకు వరుణుడు, అందుకని నీళ్లు. వాయవ్యానికి వాయువు, అందుకని ఆరబెట్టడం. గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో, పొగ ఎటు పోతుందో గమనించి పెట్టిన ఏర్పాటు కాదిది. దేవుడి పేరు చూసి పని అప్పగించారు, అంతే. నేను మా సంఘం ప్రదర్శనలకు కావలసిన సామాను చేసుకునే షెడ్డులో కొలిమి వాయవ్య మూలన ఉంది. కిటికీ అక్కడ ఉంది కాబట్టి. వాయుదేవుడికి ఇందులో ప్రమేయం లేదు.

ఇంతటితో ఆ పుస్తకాన్ని అవతల పారేస్తే మనం కూడా వాస్తు పండితుల బాపతే అవుతాం. ఎందుకంటే అసలు విషయం ఆ తరువాత ఉంది. యంత్రాలు, మూసలు, కోష్ఠులు, పుటాలు వరసగా వివరిస్తాడు. థర్మామీటరు లేని కాలంలో వేడిని కొలవడం ఎలా? పిడకలు లెక్కపెట్టి. చిన్నదైన కపోత పుటానికి 8 పిడకలు చాలు. మహాపుటానికి రెండేసి మూరల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గొయ్యి తీసి వెయ్యికి పైగా పిడకలు పేర్చాలి. గొయ్యి కొలత, పిడకల సంఖ్య స్థిరంగా ఉంటే ఈసారి వచ్చిన వేడి మళ్లీసారి కూడా దాదాపు అంతే వస్తుంది. ఇది మంత్రం కాదు, కొలత. 'పుటం పెట్టడం' అనే మాట మన తెలుగులో మిగిలింది గానీ, దాని వెనకున్న లెక్క మరిచిపోయాం.

మూస సంగతి ఇంకా బాగుంటుంది. మట్టిలో కాల్చిన ఊక, జనుప నార, బొగ్గు, గుర్రపు లద్దె కలపమంటాడు. ఊక కలపడం ఎందుకు? ఊకలో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది. కాలాక మిగిలేది సిలికా, కొంత కర్బనం. ఎక్కువ వేడికి మెత్తబడకుండా మూసను నిలబెట్టేవి అవే. ఈ మాట రాసినవాడు కొలిమి ముందు కూర్చున్నవాడో, కూర్చున్నవాణ్ణి అడిగి తెలుసుకున్నవాడో అయి ఉండాలి. ఇదే కాలానికి చెందిన యశోధరుడనే రసవాది, తాను రాసినవి స్వయంగా చేసి చూసినవేననీ, విన్నమాటలు కావనీ చెప్పుకున్నాడు. మరి వాస్తు పండితుడు ఎనిమిది దిక్కులు పట్టుకుని, ఊకను ఎందుకు వదిలేశాడు?

ఈ గ్రంథాలను వెలికితీసి ఇంగ్లీషులో లోకానికి చూపించినవాడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే. ఆయన రాసిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటం 1902లో, రెండోది 1909లో వచ్చాయి. అయితే రసశాల గురించి రాసే నాటికే ఆయన ఇంట్లో ఒక పనిశాల పెట్టి నడిపినవాడు. ఈ రెంటినీ కలిపి చూసేవాళ్లు తక్కువ.

ఎడింబరోలో 1887లో డి.ఎస్సీ. పుచ్చుకుని వచ్చిన రే, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో నెలకు 250 రూపాయల జీతానికి చేరాడు. 1892లో సుమారు 700 రూపాయల పెట్టుబడితో 91, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని తన అద్దె ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టాడు. అదే బెంగాల్ కెమికల్. పగలు కాలేజీ, సాయంత్రం ఇంట్లో కాచడం, వడపోయడం. నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లం తీద్దామనుకున్నాడు, గిట్టుబాటు కాలేదు. తరువాత సోడియం ఫాస్ఫేటు మీద పడ్డాడు. దానికి ముడిసరుకు ఎముకలు. ఎముకల్ని కాలిస్తే మాంసం, జిగురు పోయి తెల్లటి బూడిద మిగులుతుంది. అది కాల్షియం ఫాస్ఫేటు. దానికి గంధకామ్లం కలిపి, వడపోసి, సోడా వేస్తే ఫాస్ఫేటు స్ఫటికాలు వస్తాయి.

రాజాబజారు కసాయివాళ్ల దగ్గర బస్తాల కొద్దీ పశువుల ఎముకలు కొని డాబా మీద ఆరబెట్టాడు. అది చలికాలం, ఎండిపోతాయనుకున్నాడు. వానలు పట్టుకున్నాయి. ఎముకలకు అంటుకున్న మాంసం కుళ్లింది, పురుగులు పట్టాయి, కాకులు దిగాయి. అవి ముక్కలు ఎత్తుకుపోయి పక్కిళ్లలో పడేశాయి. ఇరుగుపొరుగు ఆచారపరులైన హిందువులు. గొడవ మునిసిపాలిటీ దాకా పోతుందని బెదిరించారు. ఈ కథ చెప్పేవాళ్లు మామూలుగా పొరుగువాళ్లను మూఢులుగా చూపించి నవ్వుకుంటారు. నేను నవ్వను. ఆవు ఎముక వల్ల మైల పడుతుందన్నది మూఢనమ్మకమే. పురుగులు పట్టిన మాంసం వంటింట్లో పడటం మాత్రం మూఢనమ్మకం కాదు. నేనైనా ఫిర్యాదు చేసేవాణ్ణే.

చివరికి మాణిక్‌తలాలో ఒక ఖాళీ స్థలం దొరికితే ఎముకలన్నీ అక్కడికి చేర్చి, ఇటుకల బట్టీలా పేర్చి నిప్పంటించారు. అర్ధరాత్రి మంట చూసి, ఎవరో శవాన్ని మాయం చేస్తున్నారేమోనని పోలీసులు వచ్చారు. ఎముకలు పశువులవని తేల్చుకుని వెళ్లారు. ఫాస్ఫేటు మాత్రం తయారైంది.

సరుకు తయారైతే సరిపోదు, డాక్టర్లు చీటీ మీద రాయాలి. ఆ పని రే స్నేహితుడు డాక్టర్ అమూల్య చరణ్ బోసు నెత్తిన వేసుకున్నాడు. అడ్డసరం, నేలవేము, కొడిశపాల, వాము లాంటి దేశీ మందుల్ని కొత్త పద్ధతిలో తయారుచేసి అమ్మడం వెనక ఆయన ఉత్సాహం ఉంది. అమూల్య 1898లో ప్లేగుతో పోయాడు. అంతకు ముందు, ఆయన బావమరిది సతీశ్ చంద్ర సింహ, రసాయనశాస్త్రంలో ఎం.ఏ. చదివి వీళ్లతో చేరిన యువకుడు, పనిశాలలో ప్రమాదవశాత్తూ హైడ్రోసయానిక్ ఆమ్లం విషానికి బలయ్యాడు. రసభైరవుడు ఏ దిక్కున ఉన్నా ఆ ఆవిరి ఒకేలా చంపుతుంది. ఇంట్లో పనిశాల పెట్టుకునేవాళ్లు ముందుగా ఆలోచించవలసింది గాలి సంగతి.

కంపెనీ 1901లో లిమిటెడ్ సంస్థ అయింది. మాణిక్‌తలాలో పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. 1980లో జాతీయమైంది. అదంతా చాలామంది రాసిందే.

నాకు ముఖ్యమనిపించేది రే చరిత్రలో శాస్త్ర దృష్టి క్షీణించడం గురించిన భాగం. కులవ్యవస్థ బిగుసుకున్నాక చేతిపనులు కింది కులాలకు వదిలేశారనీ, శవాన్ని కోసి చూడమన్న సుశ్రుతుడి దేశంలో శవాన్ని తాకితేనే మైల అయిందనీ, ఆలోచించేవాడికీ పనిచేసేవాడికీ సంబంధం తెగిపోయి ఎలా, ఎందుకు అనే ప్రశ్నలు చచ్చిపోయాయనీ ఆయన వాదన. డాబా మీద ఎముకలు ఆరబోసినవాడికి ఈ మాట అనే హక్కుంది.

అయితే ఒకచోట ఆయనతో నాకు పేచీ ఉంది. ఆలోచన పైకులాలతో పాటే పనిశాల వదిలి వెళ్లిపోయిందన్నట్టు రాశాడు. తెలంగాణలోని కోనసముద్రం చూడండి. అక్కడి కమ్మరులు మూసల్లో ఉక్కు కరిగించేవారు. 1820ల్లో హెన్రీ వాయ్సీ అక్కడికి వెళ్లి ఆ పద్ధతిని చూసి రాశాడు. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి కూడా అక్కడ చూశాడు. 1300 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి నిలిచిన ఆ మూసల ముక్కల్ని 20వ శతాబ్దం చివర్లో పరిశోధకులు పరీక్షించారు. మట్టిలో వరి ఊక కలిపి ఉంది. సంస్కృత గ్రంథంలో ఉన్నదీ ఊకే, సంస్కృతం రాని కమ్మరి చేతిలో ఉన్నదీ ఊకే. ఎంత మట్టికి ఎంత ఊక, తిత్తి ఎప్పుడు ఆపాలి అని తరతరాలుగా తేల్చుకున్నవాడు ఆలోచించలేదని ఎలా అంటాం? అతనికి లేనిది అక్షరం. చదువు అతని వాడకు రానివ్వలేదు కాబట్టి అతను తెలుసుకున్నది పుస్తకం కాలేదు. విదేశీ ఉక్కు చవగ్గా దిగుమతి అయ్యాక కొలుములు ఆరిపోయాయి, లెక్కలు వాళ్లతోనే పోయాయి. కోనసముద్రం ఉక్కు చేసిన కమ్మరి ఒక్కడి పేరు కూడా నేను చదివిన పుస్తకాల్లో కనిపించలేదు. వర్తకుడి పేరు ఉంది. చూసి వెళ్లిన దొర పేరు ఉంది.