పెద్ద చక్రము – ఇరుసు నిష్పత్తి

కృష్ణాడెల్టాలో నల్లరేగడి బురద దాటుటకు మన రైతులు పెద్దచక్రముల యెడ్లబండ్లనే వాడిరి. చక్రమెంత పెద్దదైన బండి అంత సులువుగా గోతినుండి వెలువడును. ఆ యనుభవమునే ప్రమాణముగా గొని ఇబ్రహీంపట్నమున కొందరు తమ పికప్పులకు పెద్ద టైర్లు తగిలించుట చూచుచున్నాను. ఇక్కడ నుపమానము చెల్లదు. ఎడ్లబండిని ఎద్దులు ముందుకు లాగును. మోటారుబండిలో ఇరుసే చక్రమును త్రిప్పవలెను. చక్రము పెరిగినకొలది నేలను త్రోయు బలము తగ్గును. కొండపల్లి కోటదారిలో బరువుతో నెక్కునపుడు ఇంజను రొప్పును, క్లచ్చు మాడును.

ఇరుసు నిష్పత్తి యనగా చక్రమొక్కమారు తిరుగుటకు షాఫ్టు తిరుగవలసిన మారుల లెక్క. ఫోర్డువారి టీ మోడలు కారునకది 3.64. అదే యింజనుతో 1917లో బరువులు మోయు టీటీ ట్రక్కును నిర్మించినపుడు 7.25 చేసిరి. వేగము పోయినది, బలము వచ్చినది. యుద్ధకాలపు విల్లీసు జీపునకు 4.88, సేద్యమునకై 1945లో వెలువడిన సీజే-2ఏ జీపునకు 5.38. పినియను పండ్లు ఎనిమిదే. క్రౌను పండ్లు మాత్రము 39 నుండి 43 అయినవి.

మనకు గావలసిన గణితము త్రైరాశికమే. 28 అంగుళముల టైరునకు మారుగా 31 అంగుళములది వేసినచో, 4.88ని 31చే గుణించి 28చే భాగింపుడు. 5.40 వచ్చును; 5.38 జత చాలును. నాలుగు చక్రములును త్రిప్పు బండియైనచో రెండిరుసులను గూడ మార్పవలెను. టైరు మాత్రమే మార్చినచో స్పీడోమీటరు నిజవేగముకంటె తక్కువ చూపును.