దివిసీమకు ఒక గొంతు కావాలి

దివిసీమలోని నాగాయలంకలో మా తాతయ్య ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సుకు డబ్బు కట్టేవాడు. వినడానికే అనుమతి కావలసిన రోజులవి.

1885 టెలిగ్రాఫ్ చట్టం తంతిని సర్కారు సొత్తు చేసింది. 1933 వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేని పరికరం దగ్గరుంచుకోవడాన్నే నేరం చేసింది. స్వాతంత్ర్యం వచ్చాకా ఆ చట్టాలే నడిచాయి. బందరు, గుడివాడ, అవనిగడ్డ వాళ్లం 1948లో మొదలైన విజయవాడ కేంద్రాన్ని వింటూ పెరిగాం.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ‘మన రేడియో’ మొదలుపెడితే, 2003లో అధికారులు వచ్చి పరికరాలు పట్టుకుపోయారు. అమెరికాలో సుమారు 60 మీటర్ల దూరం వినిపించే ఎఫ్ఎంకు లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర అప్పట్లో ఆపాటి వెసులుబాటూ లేదు.

2006 సామాజిక రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తీసింది: సాధారణంగా ప్రసార శక్తి 100 వాట్లు, యాంటెన్నా 30 మీటర్లు దాటకూడదు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు ‘సంఘం రేడియో’ను గాలిలోకి తెచ్చారు.

1977 నవంబరు 19 ఉప్పెన మా సీమలో వేలమందిని తీసుకుపోయింది. అలాంటి వేళ కరకట్ట ఎక్కడ తెగింది, ఏ దారి మునిగింది, ఏ బడిలో తలదాచుకోవాలి అన్నవి ఊరివాళ్లే ఊరి యాసలో చెప్పాలి. తీరగ్రామాల సంఘాలకు సామాజిక రేడియో లైసెన్సు త్వరగా, తేలిగ్గా అందించడం ప్రభుత్వ బాధ్యత.