రసాల మొదలు రసాయనము వఱకు: అంచెట్టి సీమలో పండు, పప్పుల పానీయము

మన పూర్వులు ఆహారమును భక్ష్యము, భోజ్యము, లేహ్యము, చోష్యము, పానీయము అని ఐదు తెఱగులుగా విభజించి చెప్పిరి. ఈ విభాగమునకు లొంగని పదార్థములును కొన్ని కలవు. పండిన మామిడిగుజ్జును, నూరిన పప్పుల పాలను, బెల్లమును కలిపి చిక్కగా చేసినదానిని ఏ తెగలో చేర్పవలెను? చెంచాతో తినినచో లేహ్యము. కొంచెము పలుచన చేసి లోటాతో త్రాగినచో పానీయము. నేడు పట్టణములలోని యువకులు దీనిని ‘స్మూతీ’ యని పిలుచుచు, అమెరికానుండి వచ్చిన వింతగా భావించుచున్నారు. పేరు అచ్చటిదే. పదార్థము మాత్రము మన వంటయింటికి క్రొత్తది కాదు.

అమరకోశమును వల్లించినవారికి ‘రసాల’ యను శబ్దము పరిచితమే. అమరసింహుడు దానికి ‘మార్జిత’ యని పర్యాయపదము చెప్పెను. పెరుగును వస్త్రమున మూటగట్టి నీరు దించి, చక్కెరయు సుగంధద్రవ్యములును చేర్చి, గుడ్డపై రుద్ది నునుపుగా వడియగట్టినది రసాల. దీనినే శిఖరిణి యనియు వ్యవహరించిరి. దీనిని మొట్టమొదట చేసినవాడు భీమసేనుడని వైద్య, పాక గ్రంథములలో ఒక ప్రసిద్ధి గలదు. విరాటుని కొలువున వంటలవాడై యుండినవానికి ఆ గౌరవము దక్కుట ఉచితమే! కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున అన్నభోగమునకు ఒక ప్రకరణమును, పానీయభోగమునకు వేఱొక ప్రకరణమును కేటాయించెను. రాజు త్రాగునది కూడ శాస్త్రముగా వ్రాయదగినదే యని ఆయన తలంచెనన్నమాట.

ఈ శిఖరిణి శబ్దమే కాలక్రమమున మరాఠీలో ‘శిక్రణ’, కన్నడమున ‘సీకరణె’ అయినది. మరాఠీవారు దానిని అరటిపండుతోను పాలతోను చేయుదురు. కన్నడిగులు మామిడిరసముతో చేయుట యెక్కువ. పెరుగు తొలగినది, పండు వచ్చి చేరినది, పేరు నిలిచినది. అరటిముక్కలను గాని మామిడిగుజ్జును గాని కొబ్బరిపాలలో బెల్లముతో కలిపినచో కన్నడసీమలో అది ‘రసాయనము’. శ్రీరామనవమికి పానకముతోపాటు దీనిని నివేదన చేయుదురు.

ఇవి అంచెట్టికి ఎట్లు సంబంధించినవని చదువరులు అడుగవచ్చును. మన సీమ చరిత్రమే సమాధానము. విజయనగర రాజులు పెనుగొండనుండి పాలించిన కాలమున జగదేవరాయలు బారామహలును ఏలెను. తరువాత ఈ ప్రాంతము మైసూరువారి చేతిలోనికి పోయెను. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలును, 1799లో టిప్పు మరణానంతరము హోసూరు వైపు మిట్టసీమయు ఆంగ్లేయులకు లభించినవి. పిదప సేలము జిల్లా, 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా. ఏలికలు మాఱినను, ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచ్చేరిలో తమిళము పలుకు కుటుంబములు ఉన్నచోటనే ఉండినవి. అట్టి యిండ్లలో వంటకములకు సరిహద్దులుండవు. ప్రక్కయింటి సీకరణె మన పానకము సరసకు వచ్చి కూర్చుండుటకు ఎవరి యనుమతియు అక్కఱలేకపోయెను.

ఇక పప్పుల మాట. నా దృష్టిలో ఈ పానీయపు చరిత్రమంతయు పప్పులలోనే యున్నది. పాలు సమృద్ధిగా లేని యింట చిక్కదనము ఎచ్చటనుండి రావలెను? కొబ్బరి, నువ్వులు, గసగసాలు ఆ పని చేసినవి. అడవి చేరువ నుండువారికి సారపప్పు గలదు. తూర్పు కనుమలలో పెరుగు సారచెట్టు కాయలను పగులగొట్టిన లోపల దొరకు చిన్నగింజ యిది. బాదమునకు బదులుగా పాయసములలో వాడుదురు. బాదము పశ్చిమమునుండి వచ్చిన ఖరీదైన సరకు. దానికి గల గౌరవమెంతటిదనగా, ఆల్ఫాన్సో మామిడిని కన్నడదేశమున ‘బాదామి’ యని పిలిచిరి. పండునకు పప్పు పేరు పెట్టుట విడ్డూరమే గదా!

తరువాత సముద్రము దాటి ఇరువురు అతిథులు వచ్చిరి. బ్రెజిలు దేశపు చెట్టును పోర్చుగీసువారు 16వ శతాబ్దమున పడమటి తీరమునకు తెచ్చిరి. మనవారికి అప్పటికే ‘జీడి’ తెలియును. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టు గింజ యది. దాని రసము చర్మమునకు తగిలినచో పొక్కులు లేచును. క్రొత్తచెట్టు గింజ పెంకులోను అట్టి చమురే యుండుటచే దానికి జీడిమామిడి యని పేరు పెట్టిరి. ముంతమామిడి యనుటయు గలదు. తమిళులు ముందిరి యనిరి, కన్నడిగులు గోడంబి యనిరి. రెండవ అతిథి దక్షిణ అమెరికా వేరుశెనగ. ఈ పేరులోని సొగసు చూడుడు: తెలుగున వేరుశెనగ, తమిళమున వేర్కడలై. రెండు భాషలును శెనగను చూచి, వేరును చూచి, ఒకే విధమున ఆలోచించినవి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సులోని మార్సేయి నూనెమిల్లులకు ఎగుమతి పెరుగుటతో, మద్రాసు రాజధాని మెట్టపొలములలో ఈ పంట వ్యాపించెను. బెంగళూరు బసవనగుడిలో కార్తికమాసపు కడపటి సోమవారమున ఇప్పటికిని వేరుశెనగకాయల పరిష జరుగుచున్నది. ధనికుని బాదముపాలకు మెట్టరైతు ఇచ్చిన జవాబు వేరుశెనగపాలు అని నేనందును.

వైద్యులు మాత్రము ఈ కలయికను తేలికగా అంగీకరింపలేదు. చరకసంహిత పాలతో చేర్పరాని వానిలో పులుసుపండ్లతోపాటు మామిడి, అరటి, పనస, కొబ్బరులను గూడ పేర్కొన్నది. అయినను 16వ శతాబ్దమునాటి భావమిశ్రుడు తన భావప్రకాశమున పాలతో కూడిన మామిడిని ప్రశంసించెను. ఇద్దఱును ఋషితుల్యులే; ఎవరిని నమ్మవలెను? వంటయింటి వివేకము నడిమిదారి పట్టినది. పుల్లనిది పాలను విఱుచును గనుక బాగుగ మాగిన తీపిపండునే తీసికొని, కలిపిన వెంటనే త్రాగవలెను, నిలువ చేయరాదు.

చేయు విధానము నలుగురికి సరిపడునట్లు వ్రాయుచున్నాను. రెండు గుప్పిళ్ల వేరుశెనగపప్పును దోరగా వేయించి, పొట్టు చెఱిగి, రాత్రియంతయు నీట నాననీయవలెను. పచ్చివాసన పోవుటకే యీ వేయించుట. ఉదయమున రుబ్బురోట గుప్పెడు కొబ్బరికోరుతో కలిపి, కొంచెము కొంచెముగ నీరు చిలుకరించుచు వెన్నవలె మెత్తబడువఱకు నూరవలెను. తొందరపడి నీరెక్కువ పోసినచో పప్పు పొత్రమునకు దొరకక రవ్వరవ్వగా మిగులును. పప్పులోని నూనెయు మాంసకృత్తును నీటిలో సన్నగా కలిసిపోవుటయే ఆ పాల తెలుపునకు, చిక్కదనమునకు కారణము. పలుచని గుడ్డలో పిండి, పిప్పిని కూరకు దాచుకొనవచ్చును. బెల్లమును వేఱుగా కరగించి, ఇసుక పోవునట్లు వడియగట్టి, పూర్తిగా చల్లార్చిన పిమ్మటనే చేర్పవలెను. ఆవుపాలు వాడువారికి ఇది మఱింత ముఖ్యము, వేడిబెల్లము తగిలినచో పాలు విఱుగును. రెండు మామిడిపండ్ల గుజ్జును చేతితో పిసికి నారతీసి, ఒక ఏలకి అరటిపండును మెదిపి, అన్నిటిని కలుపవలెను. ఏలకులపొడి చిటికెడు, ఉప్పు అంతకంటె తక్కువ. పైన నేతిలో వేచిన జీడిపప్పో సారపప్పో చల్లుకొనుట వారివారి శక్తిని బట్టి.

రుబ్బురోలు మూలపడిన కథ అందఱెఱిగినదే. అమెరికాలో స్టీఫెన్ పొప్లాస్కీ యనునతడు 1922లో పాలపానీయములను కలుపుటకు గిన్నె యడుగున తిరుగు కత్తిని అమర్చెను. మన పప్పుల గట్టిదనమునకు సీమయంత్రములు తాళలేకపోగా, 1960 దశకమున బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ ‘సుమీత్’ మిక్సీని మన వంటలకు తగినట్లు రూపొందించెను. గంటసేపటి పని మూడు నిమిషములకు దిగినది. మన స్త్రీలకు ఇది నిజమైన విముక్తి; రోటిని తలచుకొని కన్నీరు కార్చువారితో నేను ఏకీభవింపను. మిక్సీవేడికి నూనె తేలకుండ ఆపి ఆపి త్రిప్పినచో చాలును.

నా విచారము వేఱొకటి. కృష్ణగిరి తోటల తోతాపురి మామిడి గుజ్జు కర్మాగారములకు పోవుచున్నది. అట్టి గుజ్జే సీసాలకెక్కి అంగళ్లకు వచ్చినప్పుడు దానిని మన పిల్లలు కొనుచున్నారు. ఆహారనియమముల ప్రకారము పండ్లపానీయమునకు నూటికి పదిపాళ్ల పండ్లరసము ఉన్నను చాలును. మిక్కిలిభాగము నీరు, చక్కెర. చెట్టుక్రింద పండునకు మాత్రము ధర లేదు. 2025 వేసవిలో పొరుగున చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర కూలిపోగా, రైతునకు కిలోకు 12 రూపాయలు దక్కవలెనని నిర్ణయించి, అందు 4 రూపాయలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే భరింపవలసి వచ్చెను. తోటగల యింటిలో సీసా కొనుట నాకు మింగుడుపడదు.

భాష సంగతియు ఇందులో కలిసియున్నది. 2006 నాటి చట్టము ప్రకారము తమిళనాట పాఠశాలలలో తమిళము నిర్బంధమైన పిదప, మన పిల్లలలో పలువురు తెలుగు మాటలాడుదురే గాని చదువలేరు. బడి నేర్పని మాటలు పొయ్యియొద్దనే నేర్వవలెను. చెఱుగుట, మెదుపుట, పిసుకుట, చిలుకరించుట: ఇవన్నియు వేర్వేఱు పనులు. మీట నొక్కుట యొక్కటే నేర్చిన బిడ్డకు వీని భేదము తెలియు మార్గము లేదు. వేసవి సెలవులలో అవ్వ చెంత కూర్చుండి ఒకమాఱు ఈ పానీయమును చేసిన పిల్లకు ఆ నాలుగు మాటలును చేతిలోనికి వచ్చును.

మామిడికాలము ముగిసినచో సీతాఫలము గలదు. సీతమ్మ పేరు దాల్చిన ఈ పండును అమెరికాఖండమునుండి వచ్చినదే. నేడు మన గుట్టలలో తనంత తాను మొలచుచున్నది. దీనికి బెల్లము సగము చాలును, అరటి అక్కఱలేదు. గింజలను మాత్రము చేతితోనే ఏఱివేయవలెను. మిక్సీలో వేసి త్రిప్పరాదు. అవి నలిగినచో చేదును విషగుణమును దిగును.