యూరిక్ యాసిడ్ ఉంటే కాఫీ, టీ మానేయాలా?.. అసలు చూడాల్సింది కప్పులోని చక్కెర!

రక్త పరీక్షలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉందని తేలగానే చాలామంది ముందు మానేసేది కాఫీ, టీలే. నిజంగా మానేయాల్సిన అవసరం ఉందా? పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

యూరిక్ యాసిడ్ ఎందుకు పెరుగుతుంది?
ప్యూరిన్లు అనే పదార్థాలు శరీరంలో విడిపోయినప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది. దీన్ని కిడ్నీలు మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. అలా పూర్తిగా పోకపోతే కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుంటుంది. కాలి బొటనవేలు ఉన్నట్టుండి వాచి, విపరీతంగా నొప్పి పుడుతుంది. అదే గౌట్. సాధారణంగా డెసిలీటర్ రక్తంలో మగవాళ్లకు 7, ఆడవాళ్లకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువగా లెక్క.

కాఫీ తాగితే పెరుగుతుందా?
కెఫీన్ కూడా ప్యూరిన్ కుటుంబానికి చెందినదే. అందుకే ఈ అనుమానం. కానీ అది కీళ్లలో పేరుకునే యూరిక్ యాసిడ్‌గా మారదు. అమెరికాలో దాదాపు 46 వేల మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించిన అధ్యయనం 2007లో వచ్చింది. రోజుకు 4 నుంచి 5 కప్పుల కాఫీ తాగేవాళ్లలో గౌట్ ముప్పు, అసలు తాగనివాళ్ల కంటే 40 శాతం తక్కువగా కనిపించింది. కెఫీన్ తీసేసిన కాఫీతోనూ కొంత తేడా ఉంది. అంటే మేలు చేసేది కెఫీన్ కాకుండా, కాఫీలోని క్లోరోజెనిక్ యాసిడ్ లాంటివి కావచ్చని అంచనా.

మరి టీ?
అదే అధ్యయనంలో టీతో లాభం గానీ, నష్టం గానీ కనిపించలేదు.

అసలు చిక్కు ఇక్కడే!
చక్కెరలో సగం ఫ్రక్టోజే. ఇది లివర్‌లో ఖర్చయ్యేటప్పుడు యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు స్పూన్లు అంటే ఎనిమిది స్పూన్ల చక్కెర! బెల్లం టీ అయినా, తేనె కలిపినా పెద్ద తేడా ఉండదు.

ఇవి గుర్తుపెట్టుకోండి
* అలవాటు ఉంటే మానక్కర్లేదు, చక్కెర తగ్గించండి.
* అలవాటు లేనివాళ్లు మందులా భావించి కాఫీ మొదలుపెట్టొద్దు. కెఫీన్ ఒక్కసారిగా పెరిగితే కొందరిలో గౌట్ నొప్పి రావచ్చు.
* బీపీ, నిద్రలేమి, ఎసిడిటీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే తాగాలి.
* కాఫీ తాగుతున్నాం కదా అని యూరిక్ యాసిడ్ మాత్రలు మాత్రం ఆపేయొద్దు.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.